కొర్రమీను పిల్లల లెక్క

"జూడత్తా, ఎంతుండాదో!" అంటూ వినోద్ ఫోను నా చేతికిచ్చాడు. వినోద్ నా తమ్ముడి కొడుకు. ఆత్మకూరు బస్టాండు దగ్గర టైల్స్ షాపు పెట్టుకున్నాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. ఆదివారం సాయంత్రం నాకేదో ఒకటి చూపించకుండా ఇంటికి పోడు. ఆ రోజు తెచ్చింది ఫోటో. ఏటిలో మోకాళ్ల దాకా దిగి, రెండు చేతులతో ఒక కొర్రమీనును ముందుకు చాచి పట్టుకుని నవ్వుతున్నాడు. చేప నోట్లోంచి పచ్చటి ప్లాస్టిక్ కప్ప ఒకటి వేలాడుతోంది. రెండడుగుల మీద మూడంగుళాలుంటుందన్నాడు. హైస్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, చేతులు చాచితే ముందున్నది పెద్దగా కనబడుతుందని నాకు తెలియదా? వాడి చేతి గడియారం పక్కన పెట్టి చూస్తే ఆ చేప అడుగున్నర దాటదు. ఆ మాట అనబోయి ఆగిపోయాను. వాడి మోకాలికి మూరెడు దూరంలో, నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఒక ఎర్రటి మరక ఉంది.

"ఒరే, నీ పక్కన నీళ్లల్లో ఆ ఎర్రదేంది?"

"యాడత్తా? ఓ, అదా? పిల్లలు. ఆ చేప పిల్లలే. ఎర్ర గుంపు కనబడిందంటే ఇంక తిరుగులేదు. వాటి మధ్యలో కప్పనేస్తే తల్లి ఒక్క వేటుకే కొడతాది. మా గ్రూపులో అందరికీ తెలిసిన ట్రిక్కే ఇది."

"పిల్లల మీదుండే తల్లిని పట్టినావా?"

"చంపలా గదత్తా. వదిలేసినాం. మేము పట్టి వదిలేసే టైపు."

నాకు ఒళ్లు మండింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కొర్రమీను పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రగా ఉంటాయి. గుంపు విడిచి పోవు. గాలి కోసం అన్నీ ఒక్కసారే పైకొస్తాయి. అప్పుడు అక్కడ నీళ్లు పొయ్యి మీది గంజిలా కుతకుతలాడతాయి. తల్లి కింద కాపలా ఉంటుంది. తండ్రి చేప కూడా కాపలా ఉంటుందని పెద్దయ్యాక చదివాను. మా అవ్వ తల్లి అనేది కాబట్టి నేనూ తల్లి అనే రాస్తాను. ఆ గుంపు మధ్య ఆకు పడ్డా, పుల్ల పడ్డా, ప్లాస్టిక్ ముక్క పడ్డా అది వచ్చి కొడుతుంది. ఆకలికి కాదు, తరిమెయ్యడానికి. అంటే, వినోద్ చెప్పిన ట్రిక్కులో చేప తెలివితక్కువతనమూ లేదు, మనిషి నేర్పూ లేదు. బిడ్డల్ని కాచుకునే గుణమే దానికి గాలం. దీనికి ఆ రాడ్డెందుకు, ఆ చక్రమెందుకు, ఆ నల్ల కళ్లద్దాలెందుకు?

వీడియో కూడా ఉందన్నాడు. వాచీ ముందు పెట్టుకుని మూడుసార్లు చూశాను. గాలానికి తగిలిన దగ్గర నుంచి నీళ్లలో వదిలేదాకా ఆరు నిమిషాల నలభై సెకన్లు. ఆ కాసేపట్లో చేపతో ఫోటో దిగినవాళ్లు ఐదుగురు. పట్టిన చోట జమ్ము గడ్డి గుబురుగా ఉంది, నాకు చూపించిన ఆ ఒక్క ఫోటో దిగి, వెలుగు చాలదని చేపను బకెట్లో వేసుకున్నారు. చెక్‌డ్యాం దిగి, వంతెన దగ్గరికి పోయి, ఎండ బాగా పడే చోట ఫోటోలు తీసుకుని అక్కడే వదిలారు. చెక్‌డ్యాం గోడ నా భుజమంత ఎత్తు. నీళ్లు ఈ పక్క నుంచి ఆ పక్కకి పడతాయే గాని చేపలు ఆ పక్క నుంచి ఈ పక్కకి ఎక్కవు.

"పిల్లలు గోడకు పైన, తల్లి గోడకు కింద. దీన్ని వదిలెయ్యడం అంటార్రా?"

"అట్ట ఆలోచన చెయ్యలేదత్తా. చేపకు దారి తెలుస్తాది గదా."

"నీ బిడ్డలిద్దర్నీ బస్టాండులో నిలబెట్టి, నిన్ను తీసకపోయి నెల్లూరులో దించేసి, 'చంపలేదయ్యా, వదిలేసినాం' అంటే నువ్వు ఫోటోకు నవ్వుతావా?"

వాడు నవ్వేశాడు. నా కోపం వాళ్లకెప్పుడూ నవ్వులాటే. మాట మార్చడానికి సంచీలోంచి పెట్టె తీశాడు. అందులో నలభై రెండు కప్పలున్నాయి, లెక్కపెట్టాను. పచ్చవి, పసుపువి, ఒకటి గులాబి రంగుది కూడా. మెత్తగా, నొక్కితే లోపలికి పోయేట్టున్నాయి. వెనక రబ్బరు కాళ్లు, పొట్ట పక్కన రెండు కొక్కేలు. "మీ కాలంలో ఇట్టాంటియి యాడివత్తా? మీరంతా గాలానికి ఎర్రల్ని గుచ్చి కూర్చునే వాళ్లు" అన్నాడు. నేను లేచి, బీరువా పై అరలో బిస్కెట్ డబ్బా దించి, అందులోంచి అవ్వ బొమ్మకప్పను తీసి వాడి ముందు పెట్టాను. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీనికి కొక్కెమేది?" అన్నాడు.

ఆ కొక్కెం సంగతి చెప్పాలంటే ఉదయగిరి నుంచి మొదలుపెట్టాలి. మా నాయన అక్కడ మిషను బడిలో టీచరు. మా ఇల్లు కొండ కింద, చెక్క గరిటెలు చెక్కేవాళ్ల వీధి చివర. పొద్దు లేచిన దగ్గర నుంచి బాడిశ చప్పుడు, పచ్చి చెక్క వాసన. చెక్క పొట్టు మా వాకిట్లోకి ఎగిరి వచ్చేది, అమ్మ దాన్ని ఊడ్చి పొయ్యిలోకి దాచేది. అన్నీ ఉండే ఊరే, నీళ్లు తప్ప. ఒక ఏడాది వానలు మొహం చాటేసి మా వీధి బావి అడుగు కనబడింది. ఒక్కో ఇంటికి రోజుకి నాలుగు బిందెలని పెద్దమనుషులు తీర్మానం చేశారు. మేము ఇంట్లో ఆరుగురం. నాలుగు బిందెలు ఆరుగురికి చాలవని అమ్మ నన్ను ఆత్మకూరులో అవ్వ దగ్గర ఉంచింది. తేదీ నా పుస్తకంలో ఉంది, చదివేవాళ్లకు దానితో పని లేదు. నాకు పదేళ్లు నిండి రెండు నెలలు.

అవ్వ మా నాయన తల్లి. తాత పోయాక ఒంటరిగా ఏటి గట్టు మీద ఇంట్లో ఉండేది. అప్పట్లో ఏరు ఊరికి దూరం, మధ్యలో జొన్న చేలు. ఇప్పుడు ఏరు ఊరి నడుమ పారుతోంది. ఏరు కదల్లేదు, ఊరే దాని మీదికి నడిచి వచ్చింది. అవ్వ చీకటితోనే లేచి, వేపపుల్ల నమిలి, ప్రార్థన చేసుకుని, వెదురు కర్ర భుజాన వేసుకుని గట్టు దిగేది. ఆమె చీర కొంగులో ఎప్పుడూ పొగాకు, చింతపండు కలిసిన వాసన. ఇంట్లో మాత్రం చేప వాసన ఉండేది కాదు. చేపను బూడిద రాసి, వాకిట్లో గరుకు బండ మీద తోమి తోమి, జిగురు పోయిందాకా లోపలికి రానిచ్చేది కాదు. బండ కడిగిన నీళ్లు కాకర పాదుకు పోవాలి, పొలుసు దిబ్బలోకి పోవాలి, తల పులుసులోకి పోవాలి. దేనికీ ఇంకో చోటు లేదు. ఆదివారం గాలం ముట్టేది కాదు. వారానికి మూడు చేపలకు మించి తెచ్చేది కాదు. ఎందుకంటే ఉండేది ఇద్దరం, ఎండబెట్టడం ఆమెకు నచ్చదు.

ఆమె కొర్రమీనుకు ఎర్రలు, అంటే వానపాములు, గుచ్చేది కాదు. నాయన ఉదయగిరి నుంచి వచ్చినప్పుడల్లా కాడ విరిగి పారేసిన చెక్క గరిటెలు రెండు మూడు తెచ్చేవాడు. తేలిక చెక్క, నీళ్లలో మునగదు. అవ్వ ఆ గరిటె బొచ్చెను బోర్లించి, కత్తిపీటతో అంచులు చెక్కి, కప్ప వీపులా చేసేది. కాళ్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు. నీళ్ల మీద లాగితే ఆ రబ్బరు కాళ్లు మెత్తగా ముడుచుకుని మళ్లీ చాచుకునేవి, చూస్తే నిజం కప్పే. పొట్ట కింద ఒకటే కొక్కెం. దానికి ఆమె పెట్టుకున్న పేరు బొమ్మకప్ప. ఎర్రలు గుచ్చి కూర్చునేవాళ్లమట! నలభై రెండు కప్పలున్న మనిషికి ఎదురుగా మా అవ్వ కప్ప ఒక్కటే కూర్చుని నవ్వుతోంది.

అవ్వ నియమం ఒకటే. ఏటిలో ఎరుపున్నన్నాళ్లు ఆ మడుగులో బొమ్మకప్ప వెయ్యకూడదు. పిల్లలు పెరిగి, ఎరుపు పోయి నల్లబడి, గుంపు చెదిరాక వెయ్యొచ్చు. ఆమె ఒక్కతే కాదు, గట్టు మీద గాలం వేసే ముసలివాళ్లందరూ అంతే. ఆ రోజుల్లో అందరూ ధర్మాత్ములని నేను అనను. మడుగులో విషపు కాయలు నూరి కలిపి చేపల్ని తేల్చినవాళ్లూ ఉన్నారు, అవ్వ వాళ్ల ఇళ్లలో మంచినీళ్లు ముట్టేది కాదు.

ఒక శనివారం అవ్వ సంతకు పోయింది. నేను బొమ్మకప్ప తీసుకుని గట్టు దిగాను. నాకు అప్పటికి రెండు నెలల నుంచి గాలం విసరడం వచ్చు, ఒక్క చేపా పడలేదు. ఎరుపున్న మడుగు పక్కన నిలబడి చూశాను. నియమం నాకు తెలుసు. తెలియక చేశానని రాసుకుంటే ఇక్కడికి ఈ పుస్తకం మూసెయ్యొచ్చు. విసిరాను. కప్ప పిల్లల మధ్య పడింది. అవి చెల్లాచెదురయ్యాయి, కింద నుంచి నీళ్లు బద్దలైనట్టు తల్లి లేచింది. కర్ర నా చేతిలోంచి జారబోయింది. గట్టు మీదికి ఈడ్చేసరికి మోచేతులు దోక్కుపోయాయి. ఇంటికి తెచ్చి, తొట్టిలో వేసి, అవ్వ వచ్చేదాకా వాకిట్లో నిలబడ్డాను. మెచ్చుకుంటుందని.

అవ్వ తొట్టిలోకి చూసింది. చేప కొక్కేన్ని మొప్పల దాకా మింగి, అప్పటికే వెల్లకిలా తిరిగింది.

"యాడ పట్టినావు మే?"

నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను. అవ్వ నా కాళ్లకున్న బురద చూసింది. మా ఏటిలో నల్ల బురద ఆ ఒక్క మడుగులోనే.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చేపను బండ మీద వేసి, బూడిద రాసి, ఎప్పటిలాగే తోమింది. మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది. నా కంచంలో తలకాయ, నడిమి ముక్కలు అన్నీ వేసి ఎదురుగా కూర్చుంది. తను ఒక్క ముక్క వేసుకోలేదు.

"నాకొద్దవ్వా."

"చంపినదానివి తినాల. పారేస్తే అది రెండో పాపం. తిను."

తిన్నాను. మామూలుగా అవ్వ చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఆ పులుసు మర్నాడు పొద్దున కూడా నేనే తిన్నాను, ఆ రాత్రి కన్నా కష్టంగా దిగింది.

తెల్లవారి అవ్వ నన్ను మడుగు దగ్గరికి తీసుకుపోయింది. చేతిలో తెల్లటి ఎనామిల్ పళ్లెం, ఆసుపత్రివాళ్లు పాత సామాను అమ్మినప్పుడు కొన్నది. పళ్లేన్ని నీళ్ల అంచున, జానెడు లోతున, బురద మీద ఆనించింది. నల్లటి అడుగున పిల్లలు కనబడవు, తెల్ల పళ్లెం మీదికి వస్తే ఒక్కొక్కటీ కనబడుతుంది.

"పళ్లెం మింద ఎన్నుండాయో చెప్పు."

"నలభై ఆరు."

"గుంపు ఎన్ని పళ్లేలంత ఉండాది?"

చూసి చెప్పాను, ఏడు. అవ్వకు చదువు రాదు. గులకరాళ్లు నలభై ఆరు ఏరించి, వాటిని ఏడు మార్లు నాచేత లెక్కపెట్టించింది. మూడు వందల ఇరవై రెండు. "బడికి పోయే ముందర రోజూ వచ్చి లెక్కబెట్టు. సాయంత్రం నాకు చెప్పు" అంది. రెండో రోజు పళ్లెం మీద ముప్పై, గుంపు ఐదు పళ్లేలు. మూడో రోజు పదిహేడు, మూడు పళ్లేలు. జెల్ల చేపలు వాటి కిందికి వచ్చి మింగుతుంటే చూశాను. లకుముకి పిట్ట కొమ్మ మీదికి పోయి వస్తుంటే చూశాను. రాయి విసిరాను. ఎన్ని రాళ్లు విసరగలను, బడికి టైమవుతోంది. నాలుగో రోజు గుంపంతా ఒక్క పళ్లెం మీదే ఇమిడింది, తొమ్మిది. ఐదో రోజు పళ్లెం తెల్లగా ఉంది. సాయంత్రం అవ్వ అడిగింది. సున్నా అన్నాను. "రాసిపెట్టు" అంది. నోటు పుస్తకంలో ఐదు వరసలు రాశాను. నా మొదటి లెక్కల పుస్తకం అది. మీకు అన్నీ రాసిపెట్టే అలవాటు ఎలా వచ్చిందని స్కూల్లో టీచర్లు అడిగేవాళ్లు. నవ్వి ఊరుకునేదాన్ని.

అవ్వ బొమ్మకప్ప కొక్కేన్ని పటకారుతో ఊడదీసి, కప్పను గూట్లో దీపం పక్కన, నేను రోజూ చూసే చోట పెట్టింది. వచ్చే ఏడాది వానలకు ఏటిలో ఎరుపు వచ్చి, పెరిగి, నల్లబడ్డాక కొక్కెం తిరిగిస్తానంది. ఈలోగా ఉదయగిరిలో బావి ఊరింది, నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. కొక్కెం అవ్వ దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా వినోద్‌కు చెప్పి ఆ పాత పేజీ చూపించాను. వాడు నవ్వడం మానేశాడు గాని, "అదప్పుడత్తా. అప్పుడు నువ్వు చంపినావు, నేను చంపలా" అన్నాడు. నిజమే, నేను చంపాను. చంపి, తిన్నాను, లెక్క రాశాను. వీళ్లు చంపరు, తినరు, వెనక్కి తిరిగి చూడరు. చేతులకు తడి తప్ప ఏమీ అంటదు. అందుకే నాకు వీళ్ల మీద ఇంత కోపం. వంటింట్లోంచి తెల్ల పళ్లెం తెచ్చి వాడి ఒళ్లో పెట్టాను.

"పొద్దున ఆరింటికి నువ్వు చేపను పట్టిన మడుగు కాడుండు. నేనొస్తా."

"షాపు తియ్యాలత్తా."

"అవ్వ నన్ను బడికి ముందర పంపింది. నువ్వు షాపుకు ముందర పో."

వచ్చాడు. ఇరవై ఒకటి, నాలుగు పళ్లేలు. రెండో రోజు ఆరు, ఒకటే పళ్లెం. నాకు ఐదు రోజులు పట్టింది, వాడికి మూడే పట్టాయి. వంతెన పక్క కోళ్ల షాపుల పేగులు ఏటిలో పడెయ్యడం మొదలయ్యాక మడుగులో పిల్లల్ని మింగే మార్పు చేపలు, గట్టు మీద కొంగలు లెక్కకు మించి పెరిగాయి. మూడో రోజు వాడు నాకన్నా ముందే వచ్చి నీళ్లలో నిలబడి ఉన్నాడు. నేను గట్టు దిగుతుంటేనే "ఏం లేవత్తా" అన్నాడు.

"ఏం లేవంటే ఎన్ని?"

"సున్నా."

నా పాత పేజీలో ఐదు వరసల కింద వాడిచేతే వాడి మూడు వరసలు రాయించాను.

వాడు ఊరుకుని ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. ఆ రోజే తిరిగిపోతూ పాత చాకిరేవు దగ్గర జమ్ములో ఇంకో ఎర్ర గుంపును చూశాడు. వచ్చే ఆదివారం గ్రూపంతా అక్కడికే రాబోతోందనీ, ఈ లెక్క మొదలవక ముందే పిలిచింది తనేననీ వచ్చి నాకు చెప్పాడు. ఆ ఆదివారం నేను ఆరాధనకు పోలేదు. మడత కుర్చీ తీసుకుని చాకిరేవు దగ్గర కూర్చున్నాను. ఏడు రాడ్లు వచ్చాయి. టోపీ పెట్టుకున్న ఒకతను, "అమ్మమ్మా, కొంచెం జరుగు, హుక్కు తగుల్తాది" అన్నాడు.

"తగలనీ. నన్ను కూడా ఫోటో తీసి వదిలేద్దువు."

మిగతావాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. వినోద్ రాడ్డు లేకుండా, పళ్లెం పట్టుకుని, జమ్ముకూ వాళ్లకూ మధ్య నీళ్లలోకి దిగాడు. "రేయ్, ఈడ వద్దు. వంతెన కాడికి పదండి."

"ఏందిరా? పోయిన వారం నువ్వు పట్టింది ఇట్టనే గదా?"

"అందుకే చెప్తా ఉండా."

"అన్నకు వాళ్లత్త క్లాసు పీకినట్టుండాది." గొణుక్కుంటూ ఐదుగురు పోయారు. టోపీ అతనూ, ఇంకొకతనూ ఏరు ఎవరి అబ్బసొమ్మూ కాదంటూ గంటన్నర నిలబడ్డారు. వినోద్ గంటన్నర నీళ్లలోనే ఉన్నాడు. నేను వాచీ చూసుకుంటూనే ఉన్నాను. చివరికి వాళ్లే విసుగెత్తి రాడ్లు మడిచారు. మళ్లీ రారని నేను రాయలేను. ఏటికి కాపలా ఎవరూ లేరు, వీడికి షాపుంది, నాకు మోకాళ్ల నొప్పులున్నాయి.

ఆ సాయంత్రం వినోద్ పచ్చ కప్పను తెచ్చి, పటకారుతో రెండు కొక్కేలూ పీకి, అవ్వ బొమ్మకప్ప పక్కన డబ్బాలో పెట్టాడు. కొక్కేలు నా చేతిలో వేసి, "ఎప్పుడిస్తావు?" అన్నాడు.

"చాకిరేవు కాడ ఎరుపు నల్లబడినాక."

అప్పటి నుంచి రోజూ పొద్దున షాపు తీసే ముందు ఫోను చేస్తాడు. నేను రాసుకుంటాను. ఈ పొద్దున, "ముప్పై ఎనిమిది, ఐదు పళ్లేలు. నూటా తొంభై. ఇంకా ఎరుపేనత్తా" అన్నాడు.

"పళ్లెం అదేనా?"

"అదే."

"నిన్న పళ్లెం మింద నలభై ఒకటన్నావు గదరా. మూడేమైనాయి?"

అవతల పళ్లేన్ని మళ్లీ నీళ్లలో ఆనించిన చప్పుడు.

"ఉండత్తా, మళ్లీ లెక్కబెడతా" అన్నాడు.